ఆ పిల్లి నిలబడకూడదు!

2022 ఫిబ్రవరి 27, ఆదివారం సాయంత్రం. మా అక్కవాళ్లింట్లో ఫోన్‌ను టీవీకి కలిపి సోఫా అంచున కూర్చున్నాడు మేనల్లుడు. అప్పటికి వాడికి పదేళ్లు. పోకెమాన్ వాళ్లు కొత్త ఆట ప్రకటించే రోజది. పావుగంట కార్యక్రమం ముగిసే వేళకు మూడు పసిజీవాలు తెర మీదికొచ్చాయి. ఆకుపచ్చ పిల్లికూన, ఎర్రటి మొసలిపిల్ల, నీలం జుత్తును శ్రద్ధగా దువ్వుకున్న తెల్ల బాతుపిల్ల. పిల్లిని చూడగానే వాడి మొహం విప్పారింది. ఆ వెంటనే ముడుచుకుపోయింది.

"మామయ్యా, అది పెద్దయ్యాక నిలబడకూడదు."

"నిలబడక పడుకునే ఉంటుందేంట్రా?"

"అది కాదు మామయ్యా. రెండు కాళ్ల మీద లేవకూడదు. ఇంతకుముందు నల్లపిల్లిని అలాగే పాడుచేశారు."

నల్లపిల్లి కథ 2016 నాటిది. లిట్టెన్ అనే నిప్పుపిల్లిని తొలిసారి చూపించినప్పుడు దేశదేశాల అభిమానులు ఇదే మొక్కు మొక్కుకున్నారు. అది పెరిగి పెరిగి, నడుముకు మంటల పట్టీ కట్టిన మల్లయోధుడిలా రెండు కాళ్ల మీద లేచింది. దాని పేరు ఇన్సినెరోర్. ఆ బాధ మరవకముందే ఈ ఆకుపచ్చ పిల్లి వచ్చింది. స్ప్రిగటీటో అనే దాని పేరు ఇంకా నోటికి అలవాటవనే లేదు. అది ఎలా పెరగాలో, ఎలా పెరగకూడదో బొమ్మలు గీసి మరీ చెప్పేవాళ్లు మాత్రం అన్ని దేశాల్లోనూ బయల్దేరారు.

ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట. పోకెమాన్ ఆటలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. ఊళ్లోని ప్రొఫెసర్ పిల్లల్ని పిలిచి మూడు జీవాలు చూపిస్తారు. ఒకటి గడ్డిది, ఒకటి నిప్పుది, ఒకటి నీటిది. ఒక్కదాన్నే తీసుకోవాలి. దాన్ని వెంటబెట్టుకుని ఊళ్లు తిరుగుతూ, మిగతా జీవాల్ని పట్టుకుంటూ, పోటీలకు దిగుతూ పోవాలి. గెలిచేకొద్దీ లెవెల్ పెరుగుతుంది. ఒక లెవెల్ దాటగానే పసిరూపం పోయి కొత్తరూపం వస్తుంది. పదేళ్ల పిల్లాడికి ఆ మొదటి జీవం పెంపుడు జంతువుతో సమానం. పెద్దయ్యాక అది ఏమవుతుందో అన్న దిగులు వాడికి నిజమైన దిగులే.

బొమ్మల కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మయినా పెట్టాలంటారు మన పెద్దవాళ్లు. జపాన్‌లోని గేమ్ ఫ్రీక్ సంస్థ ఇలాంటి కొలువునే ఇన్నేళ్లుగా పేరుస్తోంది. 1996లో 151 జీవాలతో మొదలైంది. 2024 జనవరికి ఆ లెక్క 1025కి చేరింది. ఒకటీ రెండూ కాదు, మూడు నాలుగేళ్లకోసారి గుంపుగా దిగుతాయి. 2013లో వచ్చినవి 72 మాత్రమే, 2010లో వచ్చినవి ఏకంగా 156. ఒక్కోదానికి రూపం, పేరు, అరుపు, ఎత్తు, బరువు, గుణం, బతుకు కథ అన్నీ ఉండాలి. అన్నీ ఉన్నా అది ఇంకా సగం జీవమే అనిపిస్తుంది నాకు. మిగతా సగాన్ని దాన్ని అందుకున్న పిల్లలు పోస్తారు. అది ఒక్కోసారి గంటలో జరిగిపోతుంది. ఒక్కోసారి పదిహేనేళ్లు పడుతుంది.

రాయి కింద పురుగు

సతోషి తజిరి 1965లో పుట్టారు. టోక్యో శివార్లలోని మచిదాలో పెరిగారు. అప్పట్లో అక్కడ పొలాలు, చెరువులు, చెట్లు ఉండేవి. పురుగులు పట్టడమే ఆ కుర్రాడి లోకం. తోటి పిల్లలు చెట్టు బెరడుకు తేనె రాసి పేడపురుగు జాతి కీటకాల కోసం కాపు కాసేవాళ్లు. తజిరి పద్ధతి వేరు. పగలు అవి రాళ్ల కింద నిద్రపోతాయని కనిపెట్టి, చెట్టు కింద ఒక రాయి పెట్టి వెళ్లిపోయేవాడు. మర్నాడొచ్చి రాయి ఎత్తితే పురుగు దొరికేది. స్నేహితులు డాక్టర్ బగ్ అని పిలిచేవాళ్లు. తొలకరి జల్లు పడగానే ఎర్రటి ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెలో దాచుకున్న మనవాళ్లకు ఆ ఆనందం ఏమిటో చెప్పక్కర్లేదు.

తజిరి పెద్దవాడయ్యేసరికి మచిదాలో పొలాలు పోయి ఇళ్లొచ్చాయి. చేపలు పట్టిన చోట వీడియో గేముల కేంద్రం వెలిసింది. పురుగుల పిచ్చి ఆటల మీదికి మళ్లింది. 1983లో గేమ్ ఫ్రీక్ పేరుతో చేత్తో రాసిన కాగితాలకు పిన్నులు కొట్టి ఒక చిన్న పత్రిక తెచ్చారు. దానికి బొమ్మలు గీయడానికొచ్చిన కుర్రాడే కెన్ సుగిమోరి. ఆ పత్రికే 1989లో ఆటలు తయారుచేసే సంస్థ అయింది. అదే ఏడాది నింటెండో గేమ్ బాయ్ వచ్చింది. జేబులో పట్టే యంత్రం. రెండు యంత్రాల్ని ఒక తీగతో కలిపి ఇద్దరు ఆడుకోవచ్చు. ఆ తీగను చూసినప్పుడు తజిరికి దాని మీదుగా ఒక పురుగు ఇటు నుంచి అటు పాకుతున్నట్టు కనిపించిందట. నీ దగ్గరున్న పురుగు నాకివ్వు, నా దగ్గరున్నది నీకిస్తా. మొత్తం పోకెమాన్ అంతా ఆ ఒక్క ఊహలో ఉంది.

అందుకే ఈ జీవాల్ని గీసేటప్పుడు అందంగా ఉందా లేదా అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఇది ఎక్కడ దాక్కుంటుంది, ఏం తింటుంది, దీన్ని దొరకబుచ్చుకున్న పిల్లాడు పక్కవాడికి ఎలా చూపించుకుంటాడు అన్నది ముందు తేలాలి. రాయి ఎత్తి చూసే ఉత్సాహం లేని బొమ్మ ఎంత బాగున్నా బొమ్మగానే మిగులుతుంది.

56 చుక్కల అడ్డం, 56 చుక్కల నిలువు

గేమ్ బాయ్ తెర మీద ఒక పోకెమాన్‌కు దొరికిన పెద్ద గది 56 పిక్సెళ్ల అడ్డం, 56 పిక్సెళ్ల నిలువు. రంగుల్లేవు, నాలుగు ఛాయలే. మన ముగ్గుల్లో చుక్కలు లెక్కపెట్టి గీతలు తిప్పినట్టే ఆ గళ్లలో జీవాన్ని ఇమడ్చాలి. కాబట్టి నీడను చూసినా గుర్తుపట్టేలా ఆకారం ఉండాలి. కొమ్ము, తోక, చెవి, ఏదో ఒకటి మిగతావాటికి లేనిది కావాలి. అన్నిటికంటే ముందు తయారైంది రైడాన్. ఖడ్గమృగాన్ని, పాతకాలపు రాక్షస సినిమాల జంతువుని కలిపినట్టుంటుంది. తొలి ఆట లోపలి జాబితాలో ఒకటో నంబరు దానిదే. ఆ ఆటలో పోటీలు జరిగే జిమ్‌లలో నిలబెట్టిన విగ్రహాలూ దానివే.

అరుపులకూ అదే పొదుపు. సంగీతం చేసిన జునిచి మసుదా కొద్దిపాటి మూలధ్వనుల్ని పట్టుకుని, వాటి వేగాన్ని, స్థాయిని మార్చి ఒక్కో జీవానికి ఒక్కో గొంతు ఇచ్చారు. అయినా తొలి ఆటల్లో నిప్పులు కక్కే చారిజార్డ్‌కు, రాతి ఒంటి రైహార్న్‌కు ఒకటే అరుపు మిగిలిపోయింది. ఆ రోజుల్లో ఎంతమంది పిల్లలు అది పట్టుకున్నారో గానీ, పట్టుకున్నవాళ్లు మాత్రం మర్చిపోలేదు.

ఇక పికాచు. దాన్ని గీసినది అత్సుకో నిషిదా అనే యువతి. డైఫుకు అని జపాన్‌లో ఒక మిఠాయి ఉంది. మెత్తటి బియ్యప్పిండి ముద్ద లోపల తీపి చిక్కుడుగింజల పూర్ణం. మొదట్లో పికాచు ఆకారం చెవులు మొలిచిన డైఫుకులా ఉండేదని ఆమె చాలా ఏళ్ల తర్వాత, 2018లో ఒక పత్రికకు చెప్పారు. అప్పట్లో ఆమెకు ఉడతలంటే ఇష్టం. ఉడత బుగ్గల్లో తిండి దాచుకున్నట్టు ఇది బుగ్గల్లో కరెంటు దాచుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడిదే. ఎలుక కావడం తర్వాతి మాట. పికాచు పెరిగి రైచు అవుతుంది. దాని తర్వాత గొరోచు అని కోరలూ కొమ్ములూ ఉన్న మూడో రూపం కూడా అనుకుని, చివరికి వదిలేశారు.

తొలి ఆటలో ఈ పికాచుకు పెద్దపీటేమీ లేదు. ఊరవతల ఒక అడవిలో, జీవం ఎదురైన నూరుసార్లలో అయిదుసార్లు మాత్రమే తగిలే జాతి అది. 1997 ఏప్రిల్‌లో మొదలైన కార్టూన్‌లో హీరో పక్కన నడిచే అవకాశం వచ్చాకే అది లోకానికి ముద్దుబిడ్డ అయింది. నేను దాన్ని కలిసింది కూడా టీవీలోనే, చిప్స్ పొట్లాల్లో వచ్చే ప్లాస్టిక్ బిళ్లల మీదే. గేమ్ బాయ్ ఎలా ఉంటుందో మా వీధిలో ఎవరికీ తెలియదు. బిళ్లలు మార్చుకునేవాళ్లం. తీగ లేకపోయినా పురుగు ఇటు నుంచి అటు పాకింది.

తొలి ఆట నిలబడింది ఒక దొంగచాటు జీవం వల్ల. ఆట దాదాపు పూర్తయ్యాక, తప్పులు వెతకడానికి వాడిన పనిముట్లను తీసేస్తే 300 బైట్ల చోటు మిగిలింది. ఇక ఎవరూ ఏమీ ముట్టుకోకూడని దశ అది. ప్రోగ్రామర్ షిగెకి మోరిమోతో ఆ సందులో మ్యూ అనే 151వ జీవాన్ని దూర్చేశారు. ఆట 1996 ఫిబ్రవరి 27న విడుదలైంది. అప్పటికే గేమ్ బాయ్ పాతబడింది, అమ్మకాలు నింపాదిగా సాగాయి. ఈలోగా ఏదో లోపం వల్ల కొందరికి మ్యూ కనిపించింది. పిల్లల్లో గుసగుసలు మొదలయ్యాయి. కొరోకొరో అనే పిల్లల కామిక్ పత్రిక 20 మందికి మ్యూను ఇస్తామని ప్రకటిస్తే 78,000 మంది దరఖాస్తు చేశారు. కొత్త జీవం ఎలా ఉందన్నదానికంటే, ఉందో లేదో తెలియకపోవడమే వాళ్లను అంతగా లాగింది.

చెత్తసంచి చేసిన నేరమేమిటి?

2010 సెప్టెంబరులో బ్లాక్, వైట్ అనే జంట ఆటలు వచ్చాయి. న్యూయార్క్ చుట్టుపక్కల ప్రాంతాన్ని తలపించే కొత్త సీమ. గేమ్ ఫ్రీక్ ఒక సాహసం చేసింది. అసలు కథ ముగిసేదాకా పాత పోకెమాన్ ఒక్కటీ దొరకదు. పికాచు కూడా లేదు. 156 కొత్తముఖాలతోనే సర్దుకోవాలి. చుట్టమొక్కరూ లేని అత్తారింట్లో దిగిన కొత్తకోడలి పరిస్థితి ఆటగాడిది.

గోల మొదలైంది. ట్రబ్బిష్ అని చెత్తసంచి లాంటి జీవం, వనిలైట్ అని ఐస్‌క్రీమ్ కోన్ లాంటి జీవం. వీళ్ల దగ్గర ఊహలు అయిపోయాయి, కంటికి కనబడ్డ వస్తువుకు కళ్లు అతికిస్తున్నారు అన్నారు. వనిలైట్‌ను గీసింది జేమ్స్ టర్నర్ అనే బ్రిటిష్ డిజైనర్. తర్వాతి కాలంలో 2019 నాటి ఆటలకు ఆర్ట్ డైరెక్టర్ అయింది కూడా ఆయనే. ఆటలోని వివరం చదివితే వనిలైట్ పుట్టుక వేరే ఉంది. పొద్దుటి ఎండ తగిలిన మంచుసూదుల్లోంచి పుట్టి, మంచులో కూరుకుని నిద్రపోతుందది. ఐస్‌క్రీమ్ అన్నది మన కళ్లకు తోచిన పోలిక.

ఈ విషయంలో నేను చెత్తసంచి పక్షమే. 1996లో గ్రైమర్ ఉంది. అది మురికి బురద, చంద్రుడి కిరణాలు సోకి ప్రాణం పోసుకుంది. ట్రబ్బిష్ చెత్తసంచీలూ ఫ్యాక్టరీ వ్యర్థాలూ కలిసి రసాయన చర్య జరిగి పుట్టింది. రెంటికీ తేడా ఏముంది? వోల్టోర్బ్ అంటే బంతికి కళ్లు. మాగ్నమైట్ అంటే రెండు అయస్కాంతాలు, కొన్ని మరలు, ఒక కన్ను. ఎగ్జెక్యూట్ అంటే గుడ్ల కుప్ప. వీటిని ఎవరూ తిట్టలేదు. 1996లో పదేళ్లున్నవాడికి 2010 నాటికి 24 ఏళ్లు. బురద ముద్దను కలిసినప్పుడు వాడు పిల్లాడు, చెత్తసంచిని కలిసినప్పుడు ఉద్యోగస్తుడు. 2010లో పదేళ్లున్న పిల్లలు ఆ చెత్తసంచిని ఎత్తుకుని తిరిగారు. వాళ్లకిప్పుడు పాతికేళ్లు దాటాయి. బ్లాక్, వైట్ ఆటలే అన్నిట్లోకీ గొప్పవని వాదిస్తున్నది వాళ్లే.

అంటే వచ్చినవన్నీ బాగున్నాయనను. 2016లో జపాన్‌లో 720 పోకెమాన్లకు ఎన్నికలు పెట్టారు. గెలిచింది గ్రెనింజా అనే నీటి కప్ప. తన పొడుగాటి నాలుకనే మెడకు శాలువాలా చుట్టుకున్న నింజా. 720వ స్థానంలో, అట్టడుగున, సిమిసియర్ అనే నిప్పుకోతి మిగిలింది. 2010 బృందంలోనిదే. ఆట మొదట్లో మనం తీసుకున్న జీవానికి ఎదురయ్యే చిక్కు తీరడానికి గడ్డికోతి, నిప్పుకోతి, నీటికోతి అని మూడింటిని చేశారు. ఏ పిల్లాడికి ఏది అవసరమో లెక్కగట్టి చేతిలో పెడతారు. నిప్పుకోతి పెరిగిన రూపమే సిమిసియర్. దాని ఓటమికి కారణం అదేనని నా అనుమానం. ఆటలో ఖాళీ పూడ్చడానికి పుట్టిందని పిల్లలకు తెలిసిపోయింది. దాని కోసం ఎవరూ రాయి ఎత్తి చూడలేదు.

అదే ఎన్నికల ఏడాది చివర్లో వచ్చిన మిమిక్యూ సంగతి చూడండి. వెలుతురంటే భయపడే ఒంటరి ప్రేతం. అసలు రూపం చూస్తే జనం జడుసుకుంటారని పాత గుడ్డ కప్పుకుంటుంది. ఆ గుడ్డ మీద వంకరటింకర గీతలతో పికాచు మొహం. పికాచునైతే అందరూ ప్రేమిస్తారు కదా, అలా కనిపిస్తే నన్నూ దగ్గరకు తీస్తారేమో అన్నది దాని ఆశ. యుద్ధంలో తొలి దెబ్బ ఆ ముసుగుకే తగులుతుంది, తల వాలిపోతుంది. కథ, బొమ్మ, ఆట నియమం మూడూ ఒకే ముడిలో పడ్డాయి. కొత్తగా వచ్చిన ప్రతి పోకెమాన్ గుండెల్లో ఉండే బెంగకే ఒంటి నిండా గుడ్డ కప్పి పంపినట్టుంటుంది నాకు. 2020లో జరిగిన ప్రపంచవ్యాప్త ఓటింగ్‌లో గ్రెనింజా మళ్లీ మొదటి స్థానంలో నిలిస్తే, మిమిక్యూ మూడో స్థానానికి వచ్చింది.

మన ముంగిస అక్కడికెలా వెళ్లింది?

మిమిక్యూ వచ్చిన ఆ సన్, మూన్ ఆటలు హవాయి దీవుల్ని చూసి అల్లిన అలోలా సీమలో జరుగుతాయి. అందులో మనకో చుట్టం ఉంది. దాని పేరు యంగూస్. పొడవాటి ఒళ్లు, ఎప్పుడూ ఆకలి. ఆటలో దాని కథ ఇది. అలోలాలో ఎలుకజాతి రట్టాటాలు విపరీతంగా పెరిగిపోతే, వాటిని అణచడానికి యంగూస్‌ను బయటి నుంచి తెచ్చారు. దాని దెబ్బకు రట్టాటాలు పొదలు వదిలి ఊళ్లలో దూరాయి, పగలు మానేసి రాత్రి తిరగడం మొదలుపెట్టాయి. ఊదారంగు ఎలుకలు కాస్తా నల్లటి దొంగ ఎలుకలయ్యాయి.

ఇందులో కల్పన చాలా తక్కువ. 1872లో కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసల్ని జమైకా చెరకుతోటలకు తీసుకెళ్లారు, ఎలుకల్ని చంపిస్తామని. వాటి సంతతిని 1883లో హవాయి చెరకుతోటల యజమానులు తెప్పించుకున్నారు. ఎలుకలు తిరిగేది రాత్రి, ముంగిస తిరిగేది పగలు. రెండూ సరిగ్గా కలుసుకోనేలేదు. ముంగిసలు స్థానిక పక్షుల గుడ్ల మీద పడ్డాయి. హవాయి ఇప్పటికీ ఆ తప్పుకు మూల్యం చెల్లిస్తోంది. ఒక దేశం చేసిన పర్యావరణ పొరపాటు రెండు పోకెమాన్ల పగ అయింది. పదేళ్ల పిల్లాడు పాఠమని తెలియకుండానే నేర్చుకున్నాడు.

పేరు సంగతి ఇంకా ముచ్చటైనది. యంగ్, మంగూస్ అనే రెండు ఇంగ్లిషు మాటలు కలిపితే యంగూస్. ఇంగ్లిషు మంగూస్‌కు మాతృక మరాఠీ మంగూస్, దానికి చుట్టం మన ముంగిస. దక్కనులో పుట్టిన మాట ఓడలెక్కి యూరప్ చేరి, అక్కడి నుంచి జపాన్ డిజైనర్ల బల్ల మీదికెళ్లి, తిరిగి మా మేనల్లుడి నోటికొచ్చింది. వాడికి ఈ సంగతి చెప్పినప్పుడు కాసేపు నమ్మలేదు.

2019 నాటి స్వోర్డ్, షీల్డ్ ఆటల్లో బ్రిటన్‌ను పోలిన గాలార్ సీమకు కాపరాజా అనే ఏనుగు వచ్చింది. ఒంటి మీద కిలుం పట్టిన రాగి పచ్చన. కాపర్, రాజా కలిపి పేరు పెట్టారు. పూర్వం వేరే సీమ నుంచి వచ్చి మనుషులతో కలిసి పనిచేసిందని రాశారు. ఏ సీమ నుంచో చెప్పలేదు. బ్రిటన్‌లో రాజా అనే ఏనుగు అంటే ఎక్కడిదో మనకు చెప్పాలా?

అదే ఆటలో నన్ను ఎక్కువసేపు ఆపేసింది కోర్సోలా. 1999లో తొలిసారి వచ్చినప్పుడు అది గులాబీ రంగు పగడపు గుత్తి, నవ్వుమొహం. ఇరవై ఏళ్ల తర్వాత గాలార్ తీరంలో అది తెల్లబడిపోయి, కొమ్మలు వాలిపోయి, దిగాలు మొహంతో కనిపించింది. ఇప్పుడది ప్రేతజాతి. హఠాత్తుగా వాతావరణం మారి ప్రాచీనకాలపు కోర్సోలాలు నశించాయని వివరం. సముద్రం వేడెక్కితే పగడాలు రంగు కోల్పోయి తెల్లబడతాయని, ప్రపంచంలో మొదటిసారి ఆ విపత్తు పెద్దఎత్తున కనిపించింది 1998లోనని తెలిసినవాళ్లకు ఆ బొమ్మ చూస్తే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. కొత్త జీవాన్ని సృష్టించడం కంటే, ఎరిగిన జీవానికి ఏమైందో చూపించడం ఒక్కోసారి ఎక్కువ పని చేస్తుంది. ఇన్నేళ్లలో డిజైనర్లు నేర్చుకున్న పెద్ద విద్య ఇదేనంటాను.

తిరస్కారాలు, తగాదాలు

అందుకునేవాళ్లు ఎప్పుడూ ముద్దుచేస్తారని లేదు. తొలితరంలోని జింక్స్ అనే జీవం నల్లటి మొహం, పెద్ద పెదవులతో నల్లజాతీయుల్ని వెక్కిరించే పాత అమెరికన్ వేషాల్ని గుర్తుచేస్తోందని రచయిత్రి కెరోల్ బోస్టన్ వెదర్‌ఫర్డ్ రాశారు. తర్వాత దాని మొహం ఊదారంగుకు మారింది. ఆ మార్పు సరైనదే. గీసినవాళ్ల మనసులో ఏమున్నా, చూసే బిడ్డకు ఏం గుర్తొస్తుందన్నది తీసిపారేసే సంగతి కాదు.

పోరిగాన్ అనే జీవానికి జరిగింది మాత్రం అన్యాయం. 1997 డిసెంబరు 16న జపాన్ టీవీలో వచ్చిన కార్టూన్ భాగంలో ఎర్రటి, నీలి వెలుగులు వేగంగా మెరిసి, దాదాపు 685 మందిని ఆస్పత్రులకు తరలించాల్సి వచ్చింది. ఆ మెరుపు పికాచు దాడి వల్ల పుట్టింది. కథకు పేరు మాత్రం పోరిగాన్‌ది. నాలుగు నెలలు ప్రసారం ఆగి మళ్లీ మొదలైంది, పికాచు తిరిగొచ్చింది. పోరిగాన్‌కు కార్టూన్‌లో చెప్పుకోదగ్గ చోటు మళ్లీ దొరకలేదు.

2016లో హాంకాంగ్‌లో పికాచు పేరు కోసమే జనం రోడ్డెక్కారు. చైనా లిపి వాడే ప్రాంతాలన్నిటికీ ఒకటే పేరు అని నింటెండో తేల్చింది. కొత్త అక్షరాల్ని కాంటనీస్‌లో చదివితే చిన్నప్పటి నుంచి పిలుచుకున్న పేరులా పలకదు. మే 30న కొందరు అభిమానులు అక్కడి జపాన్ కాన్సులేట్ ముందు నిరసన తెలిపారు. బయటివాళ్లకు వింతగా ఉండొచ్చు. ఇంట్లో పిలుచుకునే పేరును ఎవరో వచ్చి మార్చమంటే ఊరుకుంటామా?

అన్నిటికంటే పెద్ద తగాదా 2019 జూన్‌లో. స్వోర్డ్, షీల్డ్‌లోకి పాత పోకెమాన్లన్నిటినీ తీసుకురావడం కుదరదని మసుదా చెప్పారు. 2013 నుంచి ప్రతి జీవానికీ త్రీడీ శరీరం, ప్రతి కదలికకూ యానిమేషన్ కావాలి. సంఖ్య వెయ్యికి దగ్గరపడుతోంది. ఆయన చెప్పిన ఇబ్బంది నిజమైనదే. కానీ ఒక ఆట నుంచి మరో ఆటకు పదిహేనేళ్లుగా అదే జీవాన్ని మోసుకొచ్చినవాళ్లకు, నీది ఇక్కడికి రాదు అని చెబితే ఎలా ఉంటుంది? గొడవ నెలల తరబడి సాగింది, మసుదా బహిరంగంగా వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఆ జంట ఆటలు తర్వాత రెండున్నర కోట్ల కాపీలు దాటాయి. అమ్ముడైనంత మాత్రాన ఆ బాధ ఉత్తదని నేను అనను.

కొలువులో అందరికంటే ఓపికగా నిలబడింది బిడూఫ్. 2006లో వచ్చిన, ముందుపళ్లు బయటికి కనిపించే ఎలుక లాంటి జీవం. బలం లేదు, అందం లేదు. దారికి అడ్డొచ్చిన చెట్టు నరకడం, రాయి పగలగొట్టడం లాంటి పనులు నేర్చుకుంటుంది గనక సామాన్లు మోసే కూలీలా వెంట తీసుకెళ్లేవాళ్లు. నవ్వుకున్నారు, ఎగతాళి చేశారు. అలా నవ్వుకుంటూ మొత్తం సీమంతా దానితోనే నడిచారు. 2021 జులై 1న కంపెనీయే దాని పేరున ఒక పండగ జరిపింది. మరుసటి ఏడాది దాని మీద ఒక చిన్న చిత్రం కూడా వచ్చింది. ఏ డిజైనరూ ముందుగా గీయలేని ప్రేమ అది. కలిసి నడిస్తేనే వస్తుంది.

బి బటన్

2022 నవంబరు 18న స్కార్లెట్, వయొలెట్ ఆటలు విడుదలయ్యాయి. మూడు రోజుల్లో కోటి కాపీలు. మా మేనల్లుడికి సంక్రాంతికి అందింది. ఆకుపచ్చ పిల్లినే తీసుకున్నాడు. అప్పటికే లోకమంతా తెలిసిపోయింది. 16వ లెవెల్లో పిల్లి రెండు కాళ్ల మీద లేస్తుంది. 36వ లెవెల్లో మియావ్‌స్కరాడా అని, కళ్ల చుట్టూ ముసుగు, భుజాన ఆకుల కేప్ వేసుకున్న ఇంద్రజాలికురాలు అవుతుంది.

పోకెమాన్ ఆటలో ఒక సదుపాయం ఉంది. రూపం మారుతున్నప్పుడు తెర మెరుస్తుంది. ఆ క్షణంలో బి బటన్ నొక్కితే మార్పు ఆగిపోతుంది. మళ్లీ లెవెల్ పెరిగినప్పుడు మళ్లీ మెరుస్తుంది, మళ్లీ నొక్కాలి. సృష్టించినవాళ్లే ఒద్దనే హక్కును ఆటగాడి చేతిలో పెట్టారన్నమాట. మావాడు దాన్ని పూర్తిగా వాడుకున్నాడు. 16లో నొక్కాడు, 17లో నొక్కాడు, 40 దాటినా నొక్కుతూనే ఉన్నాడు. ఎదుటివాళ్ల జీవాలు పెద్దపెద్దవి వస్తుంటే వీడి పిల్లికూన నాలుగు కాళ్ల మీద నిలబడి దెబ్బలు తినేది. ఓడిపోయేవాడు. మందులు పెట్టి మళ్లీ వెళ్లేవాడు.

"మార్చేస్తే సులువుగా గెలుస్తావు కదరా?"

"అప్పుడు గెలిచేది ఇది కాదు కదా మామయ్యా."

మొన్న వేసవి సెలవులకు వెళ్తే కన్సోల్ చిట్టిదాని చేతిలో ఉంది. వాడి చెల్లెలు, ఆరేళ్లది. తన పేరుతో కొత్తగా ఆట మొదలుపెట్టుకుని, అన్నయ్యలాగే పిల్లిని ఎంచుకుంది. మంచం మీద బోర్లా పడుకుని ఆడుతోంది. వాడు పక్కనే గోడకానుకుని చూస్తున్నాడు. ఏదో చిన్న పోరు గెలిచింది. 16వ లెవెల్. తెర మెరవడం మొదలైంది.

వాడి చెయ్యి దానంతటదే బటన్ వైపు వెళ్లింది.

చిట్టిది చటుక్కున దాన్ని కొట్టింది. "అన్నయ్యా, ఇది నా పిల్లి!"

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తెర మీద తెల్లటి వెలుగులో ఆకారం సాగింది, ముందుకాళ్లు నేల వదిలాయి. "నిలబడింది! మామయ్యా, నిలబడింది చూడు!" అంటూ చిట్టిది కన్సోల్ పట్టుకుని మంచం మీద లేచి నిలబడింది. వాడు ఇంకాస్త దగ్గరికి జరిగి, దాని భుజం మీదుగా తెరలోకి చూశాడు.